1967 మస్టాంగ్‌కి బ్రేక్ పార్ట్స్ వెతికే ముందు చక్రానికి నట్లు ఎన్నో చూడండి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: డాలస్ దగ్గర ఉండే ఒకాయన ఈమధ్యే 1967 ఫోర్డ్ మస్టాంగ్ కారు కొన్నారు. 289 ఘనపు అంగుళాల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు. పెడల్ బాగా కిందికి దిగిపోతోంది, ముందు చక్రం లోపల తడిగా ఉంది. పార్ట్స్ షాపులో ఏడాది, మోడల్, ఇంజన్ చెప్పి తెచ్చిన షూస్ (డ్రమ్‌ని లోపలి నుంచి ఒత్తి చక్రాన్ని ఆపేవి) డ్రమ్‌లో పట్టడం లేదు. సరైనవి ఎక్కడ దొరుకుతాయి, లేకపోతే డిస్క్ బ్రేకులకి మారిపోవాలా?

నాదీ 67 మస్టాంగే. దాని బ్రేక్ పనులన్నీ నేనే చేసుకుంటాను కాబట్టి చెబుతున్నాను. ఎక్కడ దొరుకుతాయన్నది పెద్ద సమస్య కాదు. ఈ కారుకి దొరకని బ్రేక్ పార్ట్ దాదాపు లేదు. అసలు మీ కారు మీద ఏ బ్రేకులు ఉన్నాయో ముందు తేలాలి.

షాపు కంప్యూటర్‌లో ఉండేది ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందన్న లెక్క. ఇన్నేళ్లలో ఎంతమంది ఓనర్లు ఏమేం మార్చారో దానికి తెలియదు. చక్రానికి నట్లు ఎన్ని ఉన్నాయో చూడండి. ఆ రోజుల్లో ఆరు సిలిండర్ల మస్టాంగ్‌కి నాలుగు నట్లు, 9 అంగుళాల డ్రమ్ములు ఇచ్చేవారు. వీ8కి ఐదు నట్లు, 10 అంగుళాల డ్రమ్ములు. మీకు నాలుగే ఉంటే విషయం అర్థమైనట్టే: 10 అంగుళాల షూస్ 9 అంగుళాల డ్రమ్‌లో ఎలా పడతాయి? విన్ నంబర్‌లో (కారు గుర్తింపు నంబర్) ఐదో అక్షరం కూడా చూడండి. ‘టీ’ అయితే ఆరు సిలిండర్ల కారుగా పుట్టింది. ‘సీ’, ‘ఏ’, ‘కే’ 289 రకాలు, ‘ఎస్’ అంటే 390 ఇంజన్.

నా కారు విన్‌లో ఉన్నది ‘టీ’, బానెట్ కింద ఉన్నది 289. నాకంటే ముందు ఎవరో ఇంజన్ మార్చి బ్రేకులు అలాగే వదిలేశారు. ఇలాంటి కార్లు చాలానే తిరుగుతున్నాయి. మీదీ అదే అయితే దయచేసి 9 అంగుళాల షూస్ కోసం వెతకొద్దు. అవి దొరుకుతాయి, సరిగ్గా కూర్చుంటాయి కూడా. కానీ అంత బరువుకీ ఆ వేగానికీ ఆ బ్రేకులు చాలవు. ముందువైపు వీ8 స్పిండిల్స్ (ముందు చక్రాలు తిరిగే ఇరుసులు), హబ్బులు, 10 అంగుళాల డ్రమ్ములు, వెనక ఐదు నట్ల యాక్సిల్, చక్రాలు మార్చుకోవాలి. టై రాడ్ ఎండ్స్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీల చివర్లు) ఆ స్పిండిల్‌కి కుదురుతాయో లేదో కూడా చూసుకోవాలి. ఖర్చే, కాదనను. ఫ్రీవే మీద పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని వెళ్లే కారు కదా, ఇక్కడ పొదుపు చూడకండి.

నాకు స్పిండిల్స్, డ్రమ్ములు ఫోర్ట్ వర్త్‌లోని టెక్సస్ మోటార్ స్పీడ్‌వేలో ఏటా వసంతంలో జరిగే పేట్ స్వాప్ మీట్‌లో (పాత పార్టుల సంత) దొరికాయి. మీకూ దగ్గరే, తప్పకుండా వెళ్లండి. వెళ్లేటప్పుడు కొలవడానికి వెర్నియర్ కాలిపర్, టార్చి పట్టుకెళ్లండి. డ్రమ్ లోపల వేలు పెట్టి తిప్పితే గాట్లు తెలుస్తాయి, వెలుతురు పడేస్తే పగుళ్లు కనిపిస్తాయి. 10 అంగుళాల డ్రమ్ లోపలి కొలత 10.060 అంగుళాలు దాటితే ఎంత చవకైనా వదిలేయండి. పాత డ్రమ్ బాగుంటే కొనొచ్చు, ఇనుముకి వయసుతో పనిలేదు. కానీ ‘పెట్టె కూడా విప్పలేదు’ అని ఊరించే పాత కాలపు వీల్ సిలిండర్లు (ఫ్లూయిడ్ ఒత్తిడితో షూస్‌ని తోసేవి), రబ్బర్ హోసులు మాత్రం వద్దు. పెట్టెలో ఉన్నా రబ్బరు ఎండిపోతుంది. హోసులు బయటికి కొత్తగా ఉన్నా లోపల ఉబ్బి బ్రేక్ ఫ్లూయిడ్‌ని వెనక్కి రానివ్వవు. అప్పుడు పెడల్ వదిలినా ఆ చక్రం పట్టేసి ఉంటుంది.

మీరు చెప్పిన తడి వీల్ సిలిండర్ నుంచే అయ్యుంటుంది. చివర ఉండే రబ్బర్ టోపీ అంచుని గోటితో కొంచెం లేపండి. ఫ్లూయిడ్ కారితే సిలిండర్ పోయినట్టే. షూస్‌కి ఫ్లూయిడ్ పట్టి ఉంటే తుడిచి వాడొద్దు, మార్చేయాలి. షూస్ మీద అతికి ఉండే పాత లైనింగ్‌లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు. తడిగుడ్డతో తీయండి.

కొత్త సిలిండర్లు, షూస్, స్ప్రింగులు రాక్‌ఆటోలోనూ నేషనల్ పార్ట్స్ డిపోలోనూ సులువుగా దొరుకుతాయి. ఆర్డర్ పెట్టే ముందు పాత సిలిండర్ బోర్ (లోపలి వ్యాసం) కొలవండి. కొత్తది వచ్చి, బిగించి, బ్రేకులు సరిగ్గా పడ్డాకే కోర్ డబ్బుల (పాత పార్ట్ తిరిగిస్తే వెనక్కిచ్చే డిపాజిట్) కోసం పాతది పంపండి. ఒక షాపు నాకు పంపిన మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని చక్రాలకి నెట్టేది) పైపు కలిసే పోర్టుల కొలతే వేరు. పాతది నా దగ్గరే ఉండబట్టి పక్కపక్కన పెట్టి చూపించి మార్పించుకోగలిగాను. ఫ్యాక్టరీ అచ్చు పార్టే కావాలనుకునేవాళ్లు వైట్ పోస్ట్ లాంటి వర్క్‌షాపులకి పాత సిలిండర్ పంపి లోపల ఇత్తడి స్లీవ్ (గొట్టం) వేయించుకుంటారు. షోలకి తీసుకెళ్లని కారుకి అంత అవసరం లేదు.

బిగించేటప్పుడు చిన్న లైనింగ్ ఉన్న షూ కారు ముందు వైపుకి, పెద్దది వెనక వైపుకి రావాలి. సెల్ఫ్ అడ్జస్టర్లలో (షూస్ అరిగేకొద్దీ వాటిని డ్రమ్‌కి దగ్గర చేసేవి) ఎడమది, కుడిది వేరువేరు. తారుమారైతే బ్రేకులు బిగుసుకునే బదులు వదులవుతూ పోతాయి. అందుకే ఒక పక్క పూర్తయ్యేదాకా రెండో పక్క విప్పను, చూసుకోవడానికి ఉంటుందని.

డిస్కుల సంగతి. కారుని పొడవాటి ఫ్రీవే ప్రయాణాలకి వాడేట్టయితే మారండి, ముందు చక్రాలకి చాలు. ఎలాగూ స్పిండిల్స్ మార్చాల్సి వస్తే పూర్తి కిట్ కొనడమే నయం. 67 నుంచి మస్టాంగ్‌కి రెండు గదుల మాస్టర్ సిలిండర్ వచ్చింది కాబట్టి ఒక గది పోయినా రెండోది పనిచేసే భద్రత మీకు ఉంది. అయినా డ్రమ్ముల మాస్టర్‌ని డిస్కులకి అలాగే వాడకూడదు. అందులోని రెసిడ్యువల్ వాల్వ్ డిస్క్ వైపు ఒత్తిడి పూర్తిగా తగ్గనివ్వదు. కిట్‌తో సరిపోయే మాస్టర్, వెనక చక్రాలు ముందే లాక్ అవ్వకుండా ప్రొపోర్షనింగ్ వాల్వ్ ఉన్నాయో లేదో అడగండి. మీ చక్రం లోపల డిస్క్‌ని పట్టే బ్రేక్ కాలిపర్ పడుతుందో లేదో కూడా తెలుసుకోండి, 14 అంగుళాల చక్రాల్లో అన్నీ పట్టవు.

చక్రం ఫోటో, విన్‌లో ఆ ఐదో అక్షరం, వీల్ సిలిండర్ బోర్ కొలత ఇక్కడ పెట్టండి, ఏం తెప్పించుకోవాలో ఒక్కొక్కటీ చెబుతాను. ఈలోగా ఆ కారుని గ్యారేజీ దాటనివ్వకండి.