కచేరీ సినిమాలో కవి మాట

ప్రశ్న: రాజకీయ కవిత్వం రాసి పాడే గాయకుడి కచేరీని మూడు కెమెరాలతో డాక్యుమెంటరీగా తీస్తున్నాం. కిందటిసారి కెమెరా మైకులతోనే రికార్డు చేస్తే మాటలు డ్రమ్స్‌లో కలిసిపోయాయి. ఈసారి విడిగా రికార్డర్ వాడితే గంట గడిచేసరికి పెదవులకీ గొంతుకీ పొంతన లేదు. ఎందుకిలా?

జవాబు: మాట స్పష్టంగా వినపడకపోతే అలాంటి కవి మీద సినిమా తీసీ ఫలితం లేదు. కెమెరా మైకులోకి గొంతు నేరుగా రాదు, హాలు ప్రతిధ్వనితో కలిసి వస్తుంది. ముందు మాసిపోయేవి క, చ, ట, త లాంటి హల్లులే. గాయకుడి మైకు సిగ్నల్‌ని మిక్సర్‌కి ముందే స్ప్లిటర్‌తో చీల్చి, విడి ట్రాకులో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో తీసుకోండి. పాడుతున్నవాడు ఉన్నట్టుండి గొంతెత్తుతాడు, అందుకే లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దాటనివ్వకండి. జనం స్పందనకి వేదిక అంచుల్లో రెండు మైకులు, జనం వైపు తిప్పి. వాటిని వేదికకి 17 మీటర్ల దూరంలో, హాలు వెనక వైపు పెడితే శబ్దం 50 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరి గొంతు రెండుగా వినిపిస్తుంది. అప్పుడు ఎడిటింగులో ఆ ట్రాకుల్ని అంత ముందుకి జరపాలి.

పొంతన తప్పింది పరికరాల లోపలి గడియారాల వల్ల. కెమెరాకీ రికార్డర్‌కీ పది లక్షల్లో 50 పాళ్లు తేడా ఉన్నా గంటకు 180 మిల్లీసెకన్లు, అంటే 25 ఫ్రేముల వేగంలో నాలుగున్నర ఫ్రేములు. టైమ్‌కోడ్ (రికార్డింగుతో పాటు నమోదయ్యే సమయపు గుర్తు) మొదలు కలుపుతుందే గానీ గడియారం నడకను దిద్దదు. మొదట్లోనూ చివర్లోనూ క్లాప్ కొట్టండి. ఎడిటింగులో పాట పాటకీ క్లిప్ కోసి మళ్లీ కలపండి. కవిత చదివేటప్పుడు మాత్రం దగ్గరి కెమెరాని ముఖం మీదే ఉంచండి. పాదం మధ్యలో కట్ పడితే అర్థం తెగుతుంది.

ప్రశ్న: పాటల్లో వచ్చే నాయకుల గురించి ఇప్పటివాళ్లకి తెలియదు. వ్యాఖ్యానం పెట్టాలా?

జవాబు: వద్దు, కవి చేతే చెప్పించండి. అమెరికన్ కవి, గాయకుడు గిల్ స్కాట్-హెరాన్ మీద రాబర్ట్ మగ్గీ 1982లో తీసిన ‘బ్లాక్ వాక్స్’ చూడండి. వాషింగ్టన్ క్లబ్బులో పాటల మధ్య గాయకుడే మైనపు బొమ్మల నడుమ తిరుగుతూ మాట్లాడతాడు, కవిత చదువుతాడు. అతని ‘బి-మూవీ’ (చవకరకం సినిమా) పాట అప్పటి అమెరికా అధ్యక్షుడు రీగన్ మీద. రీగన్ ఒకప్పుడు సినిమా నటుడని తెలియనివాడికి ఆ పేరులోని చురక తగలదు. అలాంటి చోట పాట మొదలవక ముందే ఒక్క వాక్యం, నాలుగు సెకన్లు తెర మీద వేయండి. చరణం నడుస్తుండగా వేస్తే చూపు అక్షరాల మీదికి పోతుంది, చెవి పాటని వదిలేస్తుంది.