కవర్లు అమ్మారా, రేటు చూడమని ఇచ్చారా?

ప్రశ్న: మా తాత పరకాల దగ్గర పట్వారీ. ఆయన సందుగలో నిజాం కాలం నాటి కవర్లు 38 దొరికాయి, స్టాంపులు వాటి మీదే ఉన్నాయి. రేటు చూసి చెప్తానని వరంగల్‌లో ఒక పాత నాణేల వ్యాపారి మా ఇంటికొచ్చి 27 తీసుకుపోయాడు. మరునాడు ఫోన్‌పేలో మూడు వేలు వేశాడు. పోయిన దసరాకు అడిగితే ‘అవి మీరు అమ్మినవే కదా’ అన్నాడు. లక్షలు పలుకుతాయని యూట్యూబ్‌లో చూసినప్పటి నుంచి నిద్ర లేదు సార్. ఇంకో ఐదు వేలిస్తా, రసీదు మీద సంతకం పెట్టమంటున్నాడు. పెట్టాలా? మిగిలిన 11 కవర్ల స్టాంపులు నానబెట్టి ఊడదీసి దాచుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: లక్షలా, వందలా అన్నది తర్వాత. కవర్లు అమ్మారా, చూడమని ఇచ్చారా? కేసంతా ఇక్కడే ఉంది. అమ్మినట్టయితే, విలువ తెలియక తక్కువకు ఇచ్చానంటే కుదరదు. విలువను తప్పుగా అంచనా వేసుకోవడం ఒప్పందాన్ని రద్దు చేసే పొరపాటు కాదని 1872 కాంట్రాక్టు చట్టం 20వ సెక్షన్ వివరణలోనే రాసి ఉంది. మోసం చేశాడని రుజువు చేయడం వేరే కథ. చూడమని ఇచ్చినట్టయితే, చూడటం అయిపోగానే అడక్కపోయినా తిరిగివ్వాల్సింది ఆ వ్యాపారే.

అందుకే ఆ రసీదు జోలికి పోవద్దు. అమ్మకానికి ఆయన దగ్గర ఇప్పటిదాకా మీ సంతకంతో ఒక్క కాగితం లేదు. దాన్ని మీ చేతే రాయించుకోవడానికే ఈ ఐదు వేలు.

మిల్లులో వడ్లు దించినా చిట్టీ రాయించుకుంటాం. 27 కవర్లు చేతిలో పెడుతూ ఒక్క ఫోటో తీయలేదా? ఆ మూడు వేలు దేనికని కూడా అడగలేదు. అదే అమ్మకం ధర అంటాడు రేపు. ‘చూసి రేటు చెప్తా’ అన్న వాట్సాప్ మెసేజ్ ఉంటే మీరు బతికినట్టే. ఆ ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. కోర్టులో దాన్ని పెట్టాలంటే సాక్ష్యాల చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియం, 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్ కావాలి, ఉత్త స్క్రీన్‌షాట్ చాలదు.

స్టాంపులు నానబెట్టారో, చేజేతులా సాక్ష్యం కడిగేసుకున్నట్టే. 1947లో నిజాం ప్రభుత్వం వేసిన మూడణాల స్టాంపు మీద మన ఖిలా వరంగల్ తోరణమే ఉంటుంది. ఊడదీస్తే అది ఎవరి స్టాంపైనా కావచ్చు. కవరు మీద ఉంటే పక్కనే మీ తాత పేరు, ఊరు, తేదీతో పోస్టాఫీసు ముద్ర ఉంటాయి. వ్యాపారి దగ్గరున్నవీ ఆ పేరుతోనే ఉంటాయి కాబట్టి ఇవి వాటికి జోడీ. సేకరించేవాళ్లు ఇలాంటి వాటిలో ఎక్కువగా చూసేది కూడా ముద్ర చెదరని నిండు కవరునే. నిజాం తపాలా 1950 ఏప్రిల్ 1న భారత తపాలాలో కలిసిపోయింది, ఆ ముద్రలు మళ్లీ పడవు.

గడువు సంగతి. చూడమని అప్పగించిన వస్తువు కోసం, అడిగాక ఇవ్వనన్న రోజు నుంచి మూడేళ్లలో దావా వేయాలి. పోయిన దసరానే ఆ రోజు అనుకుని లెక్కపెట్టుకోండి. ఈ వారమే వకీలు నోటీసు రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపించండి. కవర్లు తిరిగివ్వాలని, మూడు వేలు వాపసు ఇవ్వడానికి సిద్ధమని అందులో ఉండాలి. దారికి రాకపోతే దావాతో పాటు, వాటిని ఎవరికీ అమ్మకుండా ఆపే కోర్టు ఉత్తర్వు (ఇంజంక్షన్) అడగండి. ఈలోపే అమ్మేసి ఉంటే, కవర్లకు బదులు ఎంత డబ్బివ్వాలో కోర్టు డిక్రీలోనే రాస్తారు. విలువ పని అప్పుడు పడుతుంది. దానికి యూట్యూబ్ పనికిరాదు. స్టాంపులు తెలిసిన మనిషి రాతపూర్వక అభిప్రాయం, అలాంటి కవర్లు వేలంలో నిజంగా అమ్ముడైన ధరలు కావాలి.

తాత సొత్తు కాబట్టి బాబాయిలు, మేనత్తలతో ముందే మాట్లాడుకోండి. వ్యాపారి వచ్చిన రోజు వాళ్లలో ఎవరైనా ఇంట్లో ఉండి ఆ మాటలు విన్నారేమో కూడా అడగండి.