శ్లాబు కారుతోంది, సిబిల్ స్కోరు పడిపోయింది: అప్పు పుట్టేదెలా?

ప్రశ్న: కరీంనగర్‌లో మాకు ఇరవై ఏళ్ల నాటి సొంత ఇల్లు ఉంది. రెండు వానాకాలాలుగా శ్లాబు కారుతోంది. వంటగదిలో పెచ్చులు ఊడిపడి తుప్పు పట్టిన చువ్వలు కనిపిస్తున్నాయి. శ్లాబు మరమ్మతుకు 1,40,000 రూపాయలు, టైల్స్, అల్మారాలు, రంగులతో కలిపితే 4,00,000 రూపాయలు అవుతుందని మేస్త్రీ చెప్పాడు. 2021లో 62,000 రూపాయల క్రెడిట్ కార్డు బాకీని 35,000 రూపాయలు కట్టి సెటిల్ చేసుకున్నాను. అప్పులు కట్టే తీరును చూసి ఇచ్చే నా సిబిల్ స్కోరు ఇప్పుడు 610. మూడు బ్యాంకులు కాదన్నాయి. ఒక ఫైనాన్స్ కంపెనీ 26 శాతం వడ్డీకి మూడేళ్ల గడువుతో ఇస్తానంటోంది. నా భార్యకు ఆరు తులాల బంగారం, నాకు పన్నెండేళ్లుగా కడుతున్న ఎల్‌ఐసీ పాలసీ ఉన్నాయి. ఆ అప్పు తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. 4,00,000 రూపాయలకు 26 శాతం చొప్పున మూడేళ్లకు నెలవారీ కిస్తీ సుమారు 16,100 రూపాయలు పడుతుంది. అంటే వడ్డీయే దాదాపు 1,80,000 రూపాయలు, ప్రాసెసింగ్ రుసుము అదనం. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఉలిక్కిపడే మనం, అంతకంటే ఎక్కువైన 26 శాతం దగ్గర మాత్రం కాగితం మీద అచ్చులో ఉంది కదా అని సంతకం పెట్టేస్తుంటాం.

ముందు పనిని రెండుగా విడదీయండి. ఆగలేనిది శ్లాబు ఒక్కటే. చువ్వకు పట్టిన తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతూనే ఉంటుంది కాబట్టి, దాన్ని గీకి శుభ్రం చేయకుండా, పైన నీరు దిగకుండా ఆపకుండా లోపల పుట్టీ పెట్టి రంగు వేయిస్తే వచ్చే వానాకాలానికి ఆ డబ్బు కూడా పెచ్చులతో పాటు రాలిపోతుంది. టైల్స్, అల్మారాలు ఏడాది ఆగినా ఇంటికి నష్టం లేదు.

ఇక 1,40,000 రూపాయల సంగతి. ఎల్‌ఐసీ మీ పాలసీ మీద దాని సరెండర్ విలువలో, అంటే పాలసీని మధ్యలో వదులుకుంటే చేతికొచ్చే మొత్తంలో, 90 శాతం వరకు అప్పు ఇస్తుంది, సిబిల్ ఊసెత్తదు. అందుకే మొదట శాఖకు వెళ్లి ఆ విలువ ఎంతో అడగండి. తక్కువ పడిన మేరకే బంగారం తాకట్టు పెట్టండి. 2,50,000 రూపాయల లోపు అప్పుకు బంగారం విలువలో 85 శాతం వరకు ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు 2025లో నిబంధన తెచ్చింది. తిరిగి కట్టే స్తోమతను లోతుగా పరిశీలించాల్సింది ఆ మొత్తం దాటినప్పుడే. మీ అవసరానికి ఆరు తులాలూ పెట్టనక్కరలేదు. 1,40,000 రూపాయలూ బంగారం మీదే తీసుకున్నా, ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకుంటే 14,000 రూపాయలతో పోతుంది. అయితే గడువు దాటితే నగలు వేలానికి వెళ్తాయి, ఆ ఎగవేత మళ్లీ మీ సిబిల్ రిపోర్టుకే ఎక్కుతుంది. నగలు మీ భార్యవి కాబట్టి ఈ మాట ఆమెతో ముందే చెప్పండి.

ఇంటిని తనఖా పెట్టి అప్పిస్తామనేవాళ్లూ వస్తారు. టైల్స్ కోసం ఇంటి కాగితాలు బయట పెట్టడం నాకు సమ్మతం కాదు.

స్కోరు విషయంలో మిమ్మల్ని పట్టి లాగుతున్నది ‘సెటిల్డ్’ అన్న ముద్ర, అంటే బాకీ పూర్తిగా కట్టలేదన్న గుర్తు. మిగిలిన 27,000 రూపాయలు కడతానని ఆ బ్యాంకుకు రాసి, కట్టాక బాకీ ఏమీ లేదన్న పత్రం (నో డ్యూస్ సర్టిఫికెట్) తీసుకుని, ఖాతాను ‘క్లోజ్డ్’గా మార్చి పంపమని లిఖితపూర్వకంగా కోరండి. ఈలోగా కొత్త దరఖాస్తులు పెట్టకండి. వరుసగా పెట్టిన ప్రతి దరఖాస్తూ రిపోర్టులో నమోదై, డబ్బుకు కటకటలాడుతున్న మనిషిగా మిమ్మల్ని చూపిస్తుంది.

ప్రశ్న: ఎప్పుడో తీరిపోయిన బైకు అప్పు నా రిపోర్టులో ఇంకా బాకీగానే ఉంది. దీనివల్ల ఇంటి మరమ్మతు రుణం ఆగిపోయింది. ఏం చేయాలి? (గుంటూరు పాఠకుడు)

జవాబు: ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా పొందే హక్కు మీకుంది. దానితో పాటు అప్పు తీరినట్టు ఇచ్చిన పత్రాన్ని జతచేసి సిబిల్‌కు, అప్పిచ్చిన సంస్థకు ఒకే రోజున ఫిర్యాదు చేసి, ఫిర్యాదు సంఖ్య రాసిపెట్టుకోండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తరువాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ కదలిక లేకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి. దానికి రుసుము లేదు.