గోడౌన్ అప్పగించే ముందు

తల్లీ,

మద్యం సరుకు నిల్వ, డెలివరీ రెండూ బయటివాళ్లకు అప్పగించబోతున్నావని తెలిసింది. అంత దూరం ఆలోచించినందుకు గర్వంగానే ఉంది. కానీ లెక్కల మాట వస్తే “వాళ్లే చూసుకుంటారులే” అన్నావట. ఆ ‘లే’ దగ్గరే నాకు దిగులు పట్టుకుంది. సబ్బుల పెట్టె తగ్గితే సబ్బుల ఖరీదే పోతుంది. సుంకం ఇంకా కట్టని మద్యం సీసా తగ్గితే దాని ఖరీదుతో పాటు సుంకానికీ జవాబు చెప్పుకోవాలి.

వాళ్ల లైసెన్సులో ఆ గోడౌన్ చిరునామా, మద్యం నిల్వ, రవాణా మూడూ ఉన్నాయో లేదో చూడు. దింపుడు, నిల్వ, ఆర్డరు ప్రకారం ఏరి కట్టడం, వాపసు సరుకు, వీటి రేట్లు విడివిడిగా రాయించు. ఇవి నీకు తెలియనివి కావు.

మొదటి రోజు లెక్క దగ్గర మాత్రం నా మాట విను. అనుభవం ఉన్నవాళ్లు కూడా బోల్తాపడే పాత తప్పు అక్కడే ఉంది. లారీలు వరసకట్టి ఉంటాయి, అందరికీ తొందర. “మీ జాబితాలో ఉన్నదే మా పుస్తకంలో ఎక్కించేస్తాం” అంటారు. ఒప్పుకోకు. ఒకే సరుకు 6 సీసాల పెట్టెలోనూ వస్తుంది, 12 సీసాల పెట్టెలోనూ వస్తుంది. 6 సీసాల పెట్టెలు 100 ఉంటే, వాటిని 12 సీసాలవిగా ఎక్కించారనుకో, లేని సీసాలు 600 ఆ క్షణంలోనే పుస్తకంలో పుడతాయి. పెట్టెల లెక్క సరిపోతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నెలల తర్వాత సీసాలు లెక్కపెడితే కొరత తేలుతుంది. జాబితా తప్పా, ఎక్కింపు తప్పా, దొంగతనమా అన్నది అప్పుడిక ఎవరూ తేల్చలేరు. వాళ్లు “మాకు అందిందే ఇంత” అంటారు, సుంకం అధికారి మాత్రం పుస్తకంలో ఉన్నంతకూ లెక్క అడుగుతాడు.

అందుకని ఆ రోజు రాకపోకలు ఆపించు. మీ మనిషి ఒకరు, వాళ్ల మనిషి ఒకరు కలిసి లెక్కపెట్టాలి. పెట్టెలు పేర్చే చెక్క పలక, అదే ప్యాలెట్, ప్రతిదానికీ ఒక కాగితం: సరుకు పేరు, సీసా సైజు, పెట్టెకు ఎన్ని సీసాలు, బ్యాచ్ నంబరు, ఇద్దరి సంతకాలు. టేపు మీద టేపు వేసిన పెట్టె కనబడితే పక్కన పెట్టి తూకం వెయ్యి. 750 మి.లీ. గాజు సీసా ఒక్కటి తగ్గినా కిలోకు పైనే తేడా కొడుతుంది. తర్వాత ఖరీదైన సరుకు వారం వారం, మిగతాది కొన్ని అరల చొప్పున చూస్తూ పో. ఫోటో, సంతకం లేకుండా ‘పగిలింది’ అంటే లెక్కలోంచి కొట్టెయ్యనివ్వకు.

బీరు ముందు వచ్చింది ముందు కాదు, గడువు ముందు ముగిసేది ముందు బయటికి వెళ్లాలి. ఆకుపచ్చ సీసాల్లో బీరుకు వెలుతురు తగిలితే కంపు పుడుతుంది. బెండు బిరడా ఉన్న వైన్ పడుకోబెట్టాలి. విస్కీ లాంటివి నిలబెట్టే ఉంచాలి, ఘాటు మద్యం బిరడాను తినేస్తుంది. 40 శాతం ఆల్కహాల్ ఉన్న మద్యం ఒలికితే 26 డిగ్రీల వేడికే దాని ఆవిరి నిప్పు అందుకుంటుంది. ఎంత నిల్వ ఉంటుందో ఇన్సూరెన్సు వాళ్లకు దాచకుండా చెప్పు. గోడౌన్ వాళ్ల నష్టపరిహారం చాలా ఒప్పందాల్లో సరుకు బరువును బట్టే ఉంటుంది, విలువను బట్టి కాదు. సుంకం కూడా కలిపి నీ పేరు మీద వేరే పాలసీ తీసుకో.

ఇళ్లకు డెలివరీ అయితే వయసు చూడకుండా ఇవ్వకూడదు, గుమ్మంలో పెట్టి రాకూడదు. అందని సరుకు ఆ సాయంత్రమే గోడౌన్ లెక్కలోకి తిరిగి రావాలి. లారీలో రాత్రి గడిపిన పెట్టెలే ఎక్కువగా మాయమవుతాయి.

ఇంకొక్కటి, నన్ను భయపెట్టేది. 50 లీటర్ల బీరు పీపా నిండుగా ఉంటే 60 కిలోలు దాటుతుంది. లిఫ్టు ఉన్న బండి, ఇద్దరు మనుషులు అని ఒప్పందంలోనే రాయించు. ఎవరో కుర్రాడి నడుము పోతే ఏ పాలసీ తెచ్చిస్తుంది, తల్లీ?

లెక్క రోజు నువ్వే దగ్గరుండు. చెప్పులేసుకుని వెళ్లకు, ముందు భాగం గట్టిగా ఉన్న బూట్లు కొనుక్కో.

నీ పెదనాన్న