గ్లెన్‌కో ఫొటోలకు ఏ సంగీతం?

ప్రశ్న: మా వాడు స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో చదువుతున్నాడు. గ్లెన్‌కో లోయ, స్కై దీవి ఫొటోలు పంపాడు. అక్కడి జానపద సంగీతం కలిపి వీడియో చేసి బంధువులకు పంపాలనుంది. ఎట్లా చేయాలి?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, ముందు ఫొటోలు ఏరండి. ఒకే కొండవి నాలుగుంటే ఒక్కటి చాలు. మబ్బు దిగిన గ్లెన్‌కోకు చిందులేయించే ‘రీల్’ అనే నాట్య బాణీ వద్దు, ఫిడేలు మీద నిదానంగా సాగే బాణీ పెట్టండి. వరస ముగిసేచోటే ఫొటో మారాలి. ఆగస్టులో హెదర్ అనే పొద పూసి కొండవాలంతా ఊదారంగుకు తిరిగిన ఫొటో ఉంటే, దాన్ని కాసేపు కదలనీయకండి.

అక్కడివాళ్లు తిత్తిలో గాలి నింపి వాయించే బ్యాగ్‌పైప్ మనకు మరీ కొత్తేం కాదు. మేకతోలు తిత్తి శ్రుతి మన జానపదంలోనూ ఉంది. అక్కడి హైలాండ్ బ్యాగ్‌పైప్‌కు శ్రుతి గొట్టాలే మూడు, వేళ్లతో వాయించే గొట్టంలో పలికేవి తొమ్మిది స్వరాలు. ఫోన్ స్పీకర్లో చెవులు గింగుర్లెత్తుతాయి, సౌండు తగ్గించే కలపండి.

బాణీ ఎంత పాతదైనా రికార్డింగుకు వేరే హక్కుంటుంది. మన చట్టంలో 60 ఏళ్లు. ఉచితంగా వాడుకోవచ్చని రాసున్నదే తీసుకోండి. వాయించినవాళ్ల పేరు చివర్లో తప్పకుండా వేయండి, అది వాళ్ల కష్టం.