మినిట్స్ బుక్కు ఎవరి చేతిలో ఉంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సంగతి మీద ఉన్నాయి. సంగీతం, నాట్యం, నాటకం కోసం పెట్టుకున్న సంస్థలను నడిపేవాళ్ల గురించి. హనుమకొండలో అలాంటి ఒక సంస్థకు నేను తొమ్మిదేళ్లు కోశాధికారిగా, ఆ తర్వాత ఆరేళ్లు కార్యదర్శిగా పనిచేశాను. పగలు బడిలో పిల్లలకు లెక్కలు చెప్పి, సాయంత్రం సంస్థ లెక్కలు రాసేదాన్ని. అందుకే మిగతా ఉత్తరాలను వచ్చే నెలకు ఉంచి, ఈ నాలుగింటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా కళా సంస్థలో ఈ మధ్యే నన్ను సంయుక్త కార్యదర్శిగా తీసుకున్నారు. అధ్యక్షుడు గారు ఊళ్లో పెద్దమనిషి, కార్యక్రమం రోజు మాత్రం వస్తారు. కార్యదర్శి గారు పద్నాలుగేళ్లుగా ఆయనే. నాకు చెప్పే పని దీపం కుందులు తేవడం, యాంకరింగ్ చేయడం. ఇంతకీ నా పని ఏమిటి? సంస్థను నడిపేది ఎవరు?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చెల్లె, నీ రెండో ప్రశ్నకు ముందు చెప్తాను. సంస్థ సభ్యులది. ఏడాదికోసారి వాళ్లంతా కూర్చునే సర్వసభ్య సమావేశమే దానికి పెద్ద దిక్కు. ఆ సమావేశం ఎన్నుకున్న కార్యవర్గం సభ్యుల తరఫున ఏడాది పొడుగునా పని చూస్తుంది. అధ్యక్షుడు సభ నడుపుతారు, మాట తేలనప్పుడు తేలుస్తారు. కార్యదర్శి ఉత్తరాలు, పర్మిషన్లు, మీటింగులు చూస్తారు. కోశాధికారి దగ్గర డబ్బు ఉంటుంది. నీది కార్యదర్శి లేనప్పుడు ఆ పనంతా చేయగలిగే పదవి. చేయాలంటే ముందు తెలియాలి కదా. వచ్చే మీటింగులో దీపం కుందులు తీసుకుపో, అదేం తక్కువ పని కాదు. తీసుకుపోయి, మినిట్స్ బుక్కు చూపించమని అడుగు.

ఆ బుక్కు గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వు. మాది పొడుగు రిజిస్టరు, వెన్నుకు ఎర్రబట్ట, ప్రతి పేజీకి చేత్తో వేసిన నంబరు. పేజీ పైన తేదీ, చోటు. దాని కింద వచ్చినవాళ్ల సంతకాలు, తర్వాత ఎజెండా, ఆ తర్వాత తీర్మానాలు. ప్రతి తీర్మానానికి ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు అనేది రాసి ఉండాలి. నేను కోశాధికారి అయిన కొత్తలో పాత పేజీలు తిరగేస్తుంటే ఒకచోట ఆఖరి తీర్మానానికీ అధ్యక్షుడి సంతకానికీ మధ్య సన్నటి అక్షరాలతో ఒక లైను కనిపించింది. పేజీ అంతా నీలం ఇంకు, అది మాత్రం నల్ల ఇంకు. ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి ఖర్చు చేయడానికి తీర్మానించడమైనది అని ఉంది. ఆరోజు సంతకాలు పెట్టిన ఏడుగురిలో నలుగురిని అడిగాను. ఒక్కరికీ ఆ మాట గుర్తు లేదు. డబ్బు ఎవరూ తినలేదు, నాటకానికి తెర కొన్నారు, బిల్లు కూడా దొరికింది. అయినా అడగకుండా చేసిన ఖర్చు అడగకుండా చేసినట్టే. ఆ రోజు నుంచి ఆఖరి తీర్మానం కింద మిగిలిన ఖాళీ మీద అడ్డంగా గీత కొట్టి, ఆ తర్వాతే సంతకం చేయించేదాన్ని. "గంత నమ్మకం లేదా టీచరమ్మా" అని ఒక పెద్దాయన బాధపడ్డారు. నమ్మకం లేక కాదు సార్, రేపు మీరు లేనప్పుడు మీ పేరు చెడకూడదని, అన్నాను. తర్వాత ఆయనే స్కేలు తెచ్చి ఇచ్చారు.

ఆ "మీరు లేనప్పుడు" నిజంగానే వచ్చింది. మా కార్యదర్శి గారు ఒక మార్చి నెలలో ఉన్నట్టుండి పోయారు. చెక్కు మీద ఇద్దరి సంతకాలు కావాలి, ఆయనదీ నాదీ. కొత్త కార్యదర్శిని ఎన్నుకున్నాం, బ్యాంకుకు పోయాం. తీర్మానం కాపీ ఇచ్చాం. సంస్థలను రిజిస్టరు చేసే రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలు చేసిన కార్యవర్గం జాబితా కూడా కావాలన్నారు. చూస్తే మూడేళ్లుగా జాబితా పంపనే లేదు. పోయినాయన మీద నింద వేయను, ఆ మూడేళ్లూ నేనూ అదే కార్యవర్గంలో ఉన్నాను, పంపారా అని ఒక్కసారి అడగలేదు. ఖాతా ఐదు నెలలు ఆగిపోయింది. ఉగాది కచేరీకి వచ్చిన మృదంగం విద్వాంసుడికి ఇవ్వాల్సిన డబ్బు అందులోనే చిక్కుకుంది. దారి ఖర్చులకు మాలో మేం వేసుకుని ఇచ్చాం, పారితోషికం మాత్రం శ్రావణంలో ఇవ్వగలిగాం. ఇంటికి పోయి కవరు చేతికిస్తే లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని, "మళ్లీ ఎప్పుడు పిలుస్తరమ్మా" అని అడిగారు. నాకు తలెత్తి మాట్లాడబుద్ధి కాలేదు.

అందుకే చెప్తున్నా, పద్నాలుగేళ్లు ఒకే మనిషి కార్యదర్శిగా ఉండటం ఆయన తప్పు కాకపోవచ్చు. ఇంకెవరూ ముందుకు రాకపోయి ఉండవచ్చు. కానీ హాలు బుక్ చేయడానికి ఎవరికి అర్జీ పెట్టాలో, తంబూరా ఎవరింట్లో ఉందో, సౌండ్ బాక్సులవాళ్లకు ఎంత బాకీ ఉందో ఒక్క తలకాయలోనే ఉంటే అది సంస్థకు ప్రమాదం. ఆయన దగ్గర కూర్చుని ఒక నోటుబుక్కులో ఇవన్నీ రాసుకో. మర్యాదగా అడిగితే చెప్పని కార్యదర్శిని నేను చూడలేదు. నిజానికి అడిగేవాళ్లు లేకనే చాలామంది ఒంటరిగా మోస్తుంటారు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒకరు వరుసగా రెండుసార్లకు మించి అదే పదవిలో ఉండరాదని నియమావళి సవరణ పెట్టండి. ఆయన్నే ప్రతిపాదించమనండి, గౌరవంగా ఉంటుంది.

ప్రశ్న: మా సంస్థలో రెండు వర్గాలు. ఇద్దరూ మాదే అసలు కమిటీ అంటున్నారు. ఇద్దరి దగ్గరా లెటర్‌హెడ్లున్నాయి. కార్యక్రమాలు ఆగిపోయి రెండేళ్లయింది. రిజిస్ట్రార్ దగ్గరికి పోతే తేలుతుందా?
— ఒక జీవిత సభ్యుడు, కరీంనగర్

జవాబు: తేలదు సార్. మన దగ్గర సొసైటీలకు, అంటే ఇలాంటి సంస్థలకు, ఉన్నది 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. అంతకుముందు తెలంగాణ ప్రాంతానికి 1350 ఫసలీ నాటి చట్టం ఉండేది, ఫసలీ అంటే నిజాం కాలంలో వాడిన సంవత్సరాల లెక్క. మీది పాత సంస్థ అయితే సర్టిఫికెట్ మీద ఆ ఫసలీ మాట కనిపిస్తుంది. ఇప్పటి చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లో కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు పంపాలి. ఆయన దాన్ని ఫైలులో పెట్టుకుంటారు. ఇద్దరు రెండు జాబితాలు ఇస్తే ఎవరిది అసలుదో తీర్పు చెప్పే అధికారం ఆయనకు లేదు. సభ్యుల మధ్య అలాంటి తగాదాకు చట్టం రెండు దారులు చూపింది, మధ్యవర్తిత్వం లేదా జిల్లా కోర్టు.

కోర్టుకు పోయేముందు ఒక పని చేయండి. ఏ గొడవా లేనప్పుడు జరిగిన ఆఖరి సర్వసభ్య సమావేశం ఏదో పట్టుకోండి. ఆరోజు సభ్యుల జాబితా తీసి, చందా కట్టినవాళ్లందరికీ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, రెండు వర్గాలకూ కావలసిన ఒక పెద్దమనిషిని ఎన్నికల అధికారిగా పెట్టుకోండి. మీలాంటి జీవిత సభ్యులు పదిమంది కలిసి అడిగితే ఇద్దరూ కాదనలేరు. హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1904లో పుట్టింది. తర్వాతి రోజుల్లో నిజాం సర్కారు గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు తెచ్చి సభ పెట్టుకోవాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలంది. అలాంటి రోజులు దాటి వచ్చిన సంస్థలున్న నేల ఇది. ఏ అడ్డూ లేని కాలంలో, కుర్చీ కోసం రెండేళ్లు పాట ఆపేయడం నాకు నిజంగా బాధగా ఉంది.

ప్రశ్న: మాది ఒగ్గు కథ బృందం, ఆరుగురం. పట్నంలో ఒక సంస్థ వార్షికోత్సవానికి పిలిచిన్రు. ఆరు గంటలకని చెప్పి తొమ్మిదిన్నరకు ఎక్కిచ్చిన్రు. పది కాంగనే మైకు బంద్ చేసిన్రు. శాలువా కప్పి, మెమెంటో ఇచ్చి పంపిన్రు. బండి కిరాయి మేమే పెట్టుకున్నం. అడుగుడు తప్పా?
— ఒక కళాకారుడు, జనగామ జిల్లా

జవాబు: అన్నా, అడగడం తప్పు కాదు. అడిగే పరిస్థితి తేవడమే తప్పు, అది పిలిచినవాళ్లది. కార్యవర్గంలో కూర్చున్నదాన్ని కాబట్టి అలా ఎందుకు జరుగుతుందో నాకు తెలుసు. బడ్జెట్ రాసేటప్పుడు హాలు కిరాయి, మైకు, స్టేజీ డెకరేషన్, అతిథుల మెమెంటోలు, ఫ్లెక్సీ, భోజనాలు ముందు రాస్తారు. ఇవన్నీ బిల్లు ఇచ్చి వసూలు చేసుకునేవాళ్లవి. కళాకారుడు బిల్లు ఇవ్వడు కనుక ఆఖరి లైనులో పడతాడు. విరాళాలు తక్కువైతే కోత పడేది ఆఖరి లైనుకే. నేను కోశాధికారి అయిన రెండో ఏడు నుంచి మా బడ్జెట్ కాగితంలో మొదటి లైను కళాకారుల పారితోషికం, రెండో లైను వాళ్ల దారి ఖర్చు. ఆ రెండింటి డబ్బు చేతికి వచ్చాకే ఫ్లెక్సీకి ఆర్డరు. ఒక ఏడాది డెకరేషన్ లేకుండా వెనక ఒట్టి నీలం తెర మీదే కార్యక్రమం చేశాం. చూడవచ్చినవాళ్లు ఒక్కరూ పూల గురించి అడగలేదు.

ఇక మైకు సంగతి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ల మీద నిషేధం ఉంది, శబ్ద కాలుష్యం మీద 2000లో వచ్చిన నిబంధనలవి. ఆరుబయట కార్యక్రమమైతే పది గంటలకు మైకు ఆపడం సరైనదే. కానీ ఆ నిబంధన తెలిసిన కార్యవర్గం అతిథుల ఉపన్యాసాలను తొమ్మిదిన్నర దాకా ఎలా సాగనిచ్చింది? మల్లన్న కథ ఎత్తుకుంటే డోలు వేడెక్కడానికే పావుగంట పడుతుంది. అరగంటలో ఏం చెప్తారు? జనగామ గడ్డ మీదినుంచే చుక్క సత్తయ్య గారు ఒగ్గు కథను దేశమంతా వినిపించి, సంగీత నాటక అకాడమీ అవార్డు తెచ్చారు. ఆ వరుసలో వచ్చిన బృందాన్ని కార్యక్రమం చివర మిగిలిన టైములో ఎక్కించడం నాకు మనసుకు పట్టదు.

ఇకముందు ఎవరు పిలిచినా ఫోను మాటతో ఒప్పుకోవద్దు. ఒక తెల్లకాగితం మీద తేదీ, ఎక్కే టైము, ఎంతసేపు, ఎంతమంది, ఎంత డబ్బు, బండి కిరాయి ఎవరిది అని రాసి కార్యదర్శి సంతకం తీసుకోండి. సగం ముందు తీసుకోండి. మర్యాదగల సంస్థ ఏదీ దీనికి నొచ్చుకోదు. మొన్నటి డబ్బుకు అధ్యక్షుడి పేరున ఒక ఉత్తరం రాయండి, కార్యదర్శికి కాదు. అధ్యక్షుడికి చాలాసార్లు ఈ సంగతే తెలియదు. ఉత్తరం వస్తే కార్యవర్గం మీటింగులో పెట్టక తప్పదు, పెడితే మినిట్స్‌లో రాయక తప్పదు.

ప్రశ్న: పిల్లలకు పేరిణి, జానపద నృత్యాలు నేర్పడానికి మేం కొందరం కలిసి సంస్థ పెట్టాలనుకుంటున్నాం. బాగా విరాళం ఇస్తానన్న ఒక వ్యాపారి గారిని అధ్యక్షుడిగా పెట్టాలా, మా గురువు గారిని పెట్టాలా అని టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, ములుగు

జవాబు: తమ్ముడూ, గురువు గారిని పాఠం చెప్పనివ్వండి. పర్మిషన్ కాగితాల చుట్టూ తిప్పితే పిల్లలకు నష్టం. వ్యాపారి గారిని గౌరవాధ్యక్షుడిగా పెట్టుకోండి. ఆ పదవికి చెక్కు మీద సంతకం ఉండదని నియమావళిలోనే రాయండి, ఆయనకు ముందే చెప్పండి. మంచి మనసుతో ఇచ్చేవారైతే దానికి సంతోషిస్తారు. విరాళం చెక్కుగానో ఆన్‌లైన్‌లోనో తీసుకోండి. పన్ను మినహాయింపు అనుమతి మీకు వచ్చాక కూడా 2,000 రూపాయలు దాటిన నగదుకు దాతకు మినహాయింపు దక్కదు.

అధ్యక్షుడిగా మీ ఏడుగురిలో ఓపిక ఉన్నవాళ్లను పెట్టుకోండి. ఏడుగురు అని ఎందుకన్నానంటే రిజిస్ట్రేషన్‌కు కనీసం ఏడుగురు కావాలి. అందులో ఇద్దరు తల్లులుంటే మంచిది. రాత్రి ప్రాక్టీసు అయ్యాక పిల్లలు ఇంటికి ఎలా పోతారనే ఆలోచన మా కార్యవర్గంలో మొదట వచ్చింది ఒక తల్లికే.

మీరు ఉన్నది రామప్ప గుడి పక్కన. కాకతీయుల కాలంలో జాయపసేనాని నాట్యం మీద రాసిన నృత్తరత్నావళి చదివి, ఆ గుడి శిల్పాల్లో భంగిమలు చూసి నటరాజ రామకృష్ణ గారు పేరిణిని మళ్లీ నిలబెట్టారు. ఆ నృత్యాన్ని మీ పిల్లలు ఆ రాళ్ల ముందే నేర్చుకోబోతున్నారని చదివి నాకు చాలా సంతోషమైంది. మీ ఏడుగురి పేర్లు, ఎవరికి ఏ పని అనుకున్నారో, చెక్కు మీద ఎవరిద్దరి సంతకాలో రాసి పత్రికకు పంపండి. మా సంస్థ నియమావళి కాపీ నా దగ్గర ఉంది. ఏయే నిబంధన వల్ల మాకు ఇబ్బంది వచ్చిందో అక్కడ ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, జిరాక్స్ తీసి మీకు పోస్టు చేస్తాను.