జీతం 38 వేలు, కెమెరా లెన్స్ 2.30 లక్షలు: ఈఎంఐలో కొనొచ్చా?

ప్రశ్న: నా వయసు 27. గుంటూరులో ప్రైవేటు ఉద్యోగం, జీతం చేతికి 38 వేలు వస్తుంది. ఇంటి ఖర్చులు 22 వేలు, చీటీకి 8 వేలు పోను నెలకు 8 వేలు మిగులుతోంది. చీటీ 2 లక్షలది, 25 నెలలు. 9 వాయిదాలు కట్టాను, ఇంకా పాడలేదు. బ్యాంకులో 90 వేలు ఉన్నాయి. సెలవు రోజుల్లో ఒక స్టూడియో తరఫున పెళ్లిళ్లకు రెండో కెమెరాగా వెళ్తుంటాను. ఏడాదికి 20 రోజుల పని, రోజుకు 2,500. నా దగ్గర కెనాన్ ఆర్10 కెమెరా, 18-45, 55-210 ఎఫ్/5-7.1 లెన్సులు ఉన్నాయి (ముందు అంకెలు జూమ్ మిల్లీమీటర్లలో, ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది). రాత్రి రిసెప్షన్లలో ఫొటోలు నాయిస్‌తో (చుక్కచుక్కలుగా) పాడవుతున్నాయి. 70-200 ఎఫ్/2.8 లెన్స్ తెచ్చుకుంటే రోజుకు 3,500 ఇస్తామని స్టూడియో వాళ్లు అంటున్నారు. ఆర్10కు నేరుగా బిగించే కొత్త ఆర్‌ఎఫ్ రకం లెన్స్ 2.30 లక్షలు చెప్పారు, క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో-కాస్ట్ ఈఎంఐ ఉందట. అదే 70-200 ఎఫ్/2.8లో పాత ఈఎఫ్ రకం, వాడినది (మూడో వెర్షన్), ఆర్10కు బిగించే అడాప్టర్‌తో కలిపి 95 వేలకు దొరుకుతోంది. విజయవాడలో అద్దెకైతే రోజుకు 1,200. చీటీ ఇప్పుడు పాడాలంటే 40 వేలు తగ్గించుకోవాలి. ఏం చేయమంటారు?

జవాబు: కొత్త లెన్స్ ఈఎంఐలో వద్దు. చీటీ ఇప్పుడు పాడొద్దు. వాడిన లెన్స్ కొనొచ్చు కానీ ఈ నెలలో కాదు, దాదాపు ఏడాది తర్వాత. ఈలోపు అద్దెకు తెచ్చి వాడి చూడండి. ఎందుకో లెక్కలతో చూద్దాం.

2.30 లక్షలను 12తో భాగిస్తే నెలకు 19,167. మీకు మిగిలేది 8 వేలు. ఫొటోల మీద వచ్చే 50 వేలను ఏడాది పొడవునా పరిచినా నెలకు 4,170 కలుస్తుంది, అంతే. అంటే ప్రతి నెలా 7 వేలు తక్కువ పడతాయి. పైగా ఆ 50 వేలు నెలనెలా సమానంగా రావు కదా. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో ముహూర్తాలుండవు. మధ్యలో గురు మూఢమో శుక్ర మూఢమో వచ్చిందంటే మంచి సీజన్‌లోనే పని ఆగిపోతుంది. బ్యాంకు వాడికి మూఢంతో పని లేదు, తేదీ వస్తే వాయిదా కట్టాల్సిందే. లెన్స్ కొన్న కొత్తలోనే రెండు నెలలు పని లేకపోతే మీ 90 వేలు కరగడం మొదలవుతుంది. అవి అయిపోయాక కార్డు బిల్లులో కనీస మొత్తం మాత్రమే కట్టే పరిస్థితి వస్తే, మిగిలిన బాకీ మీద చాలా కార్డులు నెలకు 3 నుంచి 3.75 శాతం వడ్డీ వేస్తాయి. ఏడాదికి 36 నుంచి 45 శాతం అన్నమాట.

ఇక ‘నో-కాస్ట్’ సంగతి. బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది. ఆ వడ్డీకి సరిపడా డిస్కౌంట్‌ను కొనేటప్పుడే ధరలో తగ్గిస్తారు కాబట్టి అది మీ కంటికి కనపడదు. 15 శాతం వడ్డీ అనుకుంటే 2.30 లక్షల్లో వడ్డీ భాగం సుమారు 17,600. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 3,200 దాకా, మీ బిల్లులోనే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ వేరే. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే ఇందులో ఒక్క రూపాయి కూడా వెనక్కి రాదు. షాపులో ‘మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారు’ అని కూడా అడగండి. ఆ రేటుకూ ఈఎంఐ రేటుకూ ఉన్న తేడాను కూడా ఈ ఖర్చుకు కలపాలి.

చీటీ విషయానికి వద్దాం. ఇప్పుడు పాడితే చేతికి 1.60 లక్షలు వస్తాయి. చివరిదాకా ఆగితే, నిర్వాహకుడి కమిషన్ 5 శాతం పోను 1.90 లక్షలు. మిగిలిన 16 నెలల వాయిదాలు పాడినా పాడకపోయినా కట్టాల్సిందే. కాబట్టి 1.60 లక్షలను 16 నెలలు ముందుగా తీసుకున్నందుకు 30 వేలు వదులుకుంటున్నారు. ఏడాదికి దాదాపు 14 శాతం వడ్డీ పడ్డట్టు. పర్సనల్ లోన్‌తో సమానమే. పాడినవాళ్లను జామీన్లు అడుగుతారు, ఆ తిరుగుడు కూడా ఉంటుంది. ఒక లెన్స్ కోసం బంధువులను జామీనుకు అడగడం నాకైతే సబబుగా అనిపించదు. ఈ చీటీని మీ అత్యవసర నిధిలో భాగంగా చూడండి. అది రిజిస్టరైన చీటీయేనా, పాసుపుస్తకంలో ప్రతి వాయిదా రాస్తున్నారా అన్నది మాత్రం ఈ వారమే చూసుకోండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. రోజుకు వెయ్యి ఎక్కువ ఇస్తామన్న మాట మీద ఎంత లెన్స్ కొనొచ్చు? 20 రోజులకు అదనంగా వచ్చేది ఏడాదికి 20 వేలు. కొత్త లెన్స్‌ను మూడేళ్లు వాడి 1.45 లక్షలకు అమ్మగలిగారనుకుందాం. తరుగు ఏడాదికి 28 వేల పైమాటే. అదే డబ్బు ఎఫ్‌డీలో ఉంటే 7 శాతం లెక్కన 16 వేలు వచ్చేది. బీమా, సర్వీసింగ్‌కు 4 వేలు. మొత్తం 48 వేలు. అద్దె లెక్కలో ఇది 40 రోజులు, మీరు చేసేదేమో 20. వాడిన లెన్స్‌ను 95 వేలకు కొని మూడేళ్లకు 65 వేలకు అమ్మితే తరుగు 10 వేలు, పోయిన వడ్డీ 6,650, సర్వీసింగ్ 4 వేలు, కలిపి 20,650. 17 అద్దె రోజులతో సమానం. అదనంగా వచ్చే 20 వేలకు దాదాపు సరికి సరి. పని 30 రోజులకు పెరిగితే లాభం మొదలవుతుంది.

అద్దె లెక్క కూడా చూశారా? 1,200 పెట్టి తెచ్చి వెయ్యి ఎక్కువ తీసుకుంటే ప్రతి రోజూ 200 మీ జేబులోంచి పోతున్నాయి. స్టూడియోతో ముందే మాట్లాడుకోండి: ‘లెన్స్ కావాలన్న రోజున అద్దె మీరు కట్టండి, నాకు 2,500 ఇవ్వండి’ అని. మొత్తం మీద వాళ్లకు పడే తేడా 200 రూపాయలే. వాళ్లు ఒప్పుకోకపోతే ఆ లెన్స్ వాళ్లకు ఎంత అవసరమో తేలిపోతుంది.

లెన్స్ మీకు నిజంగా ఏం చేస్తుందో కూడా తెలిసి ఉండాలి. 55-210ను పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్/7.1కు పడిపోతుంది. దాంతో పోలిస్తే ఎఫ్/2.8 లోకి ఆరు రెట్లకు మించి వెలుతురు వస్తుంది. ఒకే షట్టర్ స్పీడ్ దగ్గర ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం, పెంచేకొద్దీ నాయిస్ పెరుగుతుంది) 12,800 కావాల్సిన చోట 2,000 సరిపోతుంది. రిసెప్షన్ స్టేజీ మీద ఈ తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. కానీ రెండు చిక్కులున్నాయి. ఆర్10 సెన్సర్ చిన్నది కాబట్టి 70-200 దాని మీద 112-320లా పనిచేస్తుంది, అంటే ఫ్రేమ్‌లో పట్టేది ఇంకా తగ్గిపోతుంది. మూడు మీటర్ల దూరం నుంచి, 70 దగ్గర పెట్టినా, ఫ్రేమ్‌లో పట్టేది 95 సెంటీమీటర్ల వెడల్పే. ఇరుకు కల్యాణ మండపంలో పీటల మీద కూర్చున్న జంట పూర్తిగా పట్టదు, వెనక్కి జరుగుదామంటే బంధువులు అడ్డం. రెండోది ఫోకస్ లోతు. 200 దగ్గర, ఎఫ్/2.8లో, నాలుగు మీటర్ల దూరంలో షార్ప్‌గా ఉండేది సుమారు 4 సెంటీమీటర్ల మందమే. జీలకర్ర-బెల్లం పెట్టేటప్పుడు వధువు కన్ను షార్ప్‌గా వస్తే వరుడి కన్ను మసకబారుతుంది. ఇద్దరూ కావాలంటే ఎఫ్/4 లేదా ఎఫ్/5.6కు పోవాలి. అక్కడ మీరు డబ్బు పోసి కొన్న వెలుతురులో సగం, ముప్పావు పోయినట్టే. తలంబ్రాల బియ్యం గాల్లో ఆగినట్టు కనపడాలంటే షట్టర్ 1/500 పైన ఉండాలి. లెన్స్‌లోని స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును ఆపుతుంది కానీ గింజల కదలికను ఆపదు.

అందుకే ముందు ఆరు రాత్రి ఫంక్షన్లకు అద్దెకు తెచ్చుకోండి. ఖర్చు 7,200. ప్రతి ఫంక్షన్ తర్వాత ఆల్బమ్‌కు ఎంపికైన ఫొటోలను మాత్రమే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో వేరు చేసి, మెటాడేటా (ఫొటోతో పాటు నమోదయ్యే వివరాలు) ఫిల్టర్‌లో రెండే చూడండి: ఫోకల్ లెంగ్త్ (జూమ్ అంకె), అపర్చర్ (ఎఫ్ అంకె). 135-200 మధ్య, ఎఫ్/2.8 నుంచి ఎఫ్/3.5 లోపు తీసినవి ఎంపికైన వాటిలో నాలుగో వంతు కూడా లేకపోతే మీకు ఈ లెన్స్ అవసరం లేదు. ఆర్‌ఎఫ్ 50 ఎఫ్/1.8 లాంటి చిన్న లెన్స్ 20 వేల లోపే మీ పని చాలావరకు తీర్చేస్తుంది. ఆర్10 మీద అది 80లా పనిచేస్తుంది, ఎఫ్/2.8 కన్నా రెట్టింపుకు మించి వెలుతురు తీసుకుంటుంది. దూరం నుంచి తీయలేరు, అదొక్కటే లోటు. ఇక స్టూడియో వాళ్ల 3,500 కోసమే పెద్ద లెన్స్ అంటారా, 20 రోజులూ దాన్ని అడుగుతారా, రాత్రి ఫంక్షన్లకేనా అన్నది వాళ్ల నోటితోనే చెప్పించుకోండి.

అద్దెకు తీసుకునేటప్పుడు షాపులో నిలబడే లెన్స్ ముందు గాజు, వెనక గాజు, మౌంట్, సీరియల్ నంబరు వీడియో తీయండి. తిరిగి ఇచ్చేటప్పుడు ‘ఈ గీత ముందు లేదు’ అనే తగాదా రాకుండా అదే కాపాడుతుంది.

పరీక్షలో పెద్ద లెన్సే కావాలని తేలితే డబ్బు ఇలా కూడబెట్టండి. మిగిలే 8 వేలలో 5 వేలు ఆర్‌డీలో, 3 వేలు అత్యవసర నిధికి. ఫొటోల మీద వచ్చిన ప్రతి రూపాయి వేరే సేవింగ్స్ ఖాతాలోకి పోవాలి. జీతం ఖాతాలో కలిస్తే ఎటు పోయిందో తెలియదు. 11 నెలలకు ఆర్‌డీలో 55 వేలు, 18 రోజుల పని మీద 45 వేలు, లక్ష చేరుతుంది. అప్పటికి అత్యవసర నిధి 1.23 లక్షలు. చీటీతో కలిపి మీ నెల ఖర్చు 30 వేలు కాబట్టి నాలుగు నెలలకు సరిపడా ఉన్నట్టు. ఇంకో ఐదు నెలలకు చీటీ డబ్బు వస్తే ఆరు నెలల నిధి దాటిపోతుంది. ఆ 90 వేలను మాత్రం ‘మళ్లీ పెట్టేద్దాంలే’ అని తీయొద్దు. ప్రైవేటు ఉద్యోగంలో అది మూడు నెలల ఊపిరి.

వాడినది కొనేటప్పుడు తెలుసుకోవాల్సినవి. ఈఎఫ్ మూడో వెర్షన్ 2018లో వచ్చింది. 2010 నాటి రెండో వెర్షన్ ఆప్టికల్ డిజైనే, కోటింగులు మెరుగయ్యాయి. కాబట్టి రెండోది బాగా తక్కువకు, మంచి కండిషన్‌లో దొరికితే దాన్నీ చూడొచ్చు. పాతది కాబట్టి విడిభాగాల ఇబ్బంది ముందు దానికే వస్తుంది, అంత మేర బేరమాడండి. పగటిపూట, మీ ఆర్10, మీ అడాప్టర్‌తోనే పరీక్షించండి. వెనక గాజులోంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు దారాల్లా కనపడితే అది ఫంగస్, ధర ఎంత తగ్గించినా వదిలేయండి. కోస్తా గాలిలో పెట్టెలో పడేసి ఉంచిన లెన్సుల్లో ఇది మామూలు. లోపల రెండు మూడు దుమ్ము రేణువులుంటే ఫొటోలో కనపడవు, భయం లేదు. 200, ఎఫ్/2.8 దగ్గర గోడకు అంటించిన దినపత్రికను కెమెరాకు సమాంతరంగా పెట్టి తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. ఒక మూల మాత్రమే మసకగా ఉంటే లోపలి గాజు పక్కకు జరిగి ఉండొచ్చు, లెన్స్ ఎప్పుడో కింద పడిందేమో అనుమానించాలి. ఫిల్టర్ రింగు మీద సొట్ట ఉంటే అది దెబ్బ తగిలిన లెన్స్, మౌంట్ స్క్రూల మీద గీతలు ఉంటే ఒకసారి విప్పినది. స్టెబిలైజర్ ఆన్ చేసినప్పుడు సన్నని శబ్దం మామూలే, టకటక కొట్టుకుంటే కాదు. 1.2 మీటర్ల దగ్గరి నుంచి అనంతం వరకు ఫోకస్ ఎక్కడా తడబడకూడదు.

లెన్స్ 1,480 గ్రాములు, ఆర్10 బ్యాటరీతో కలిపి 430. బరువంతా ముందుకే తూగుతుంది. బెల్టును కెమెరాకు కాకుండా లెన్స్ ట్రైపాడ్ కాలర్‌కు (లెన్స్ చుట్టూ ఉండే పట్టీకి) తగిలించండి, లేకపోతే ఆ భారమంతా అడాప్టర్ మౌంట్ మీద పడుతుంది. ఇంట్లో గాలి చొరబడని డబ్బా, సిలికాజెల్, తేమ కొలిచే ఒక చిన్న హైగ్రోమీటర్ చాలు. తేమ 40-50 శాతం మధ్య ఉండేలా చూడండి.

బీమా తీసుకుంటే వృత్తి కోసం వాడే పరికరాలకు వర్తించే పాలసీనే తీసుకోండి. కారులో వదిలేసిన బ్యాగు పోతే ఇస్తారా అన్నది సంతకానికి ముందే అడగండి, చాలా పాలసీల్లో అది మినహాయింపే. అమ్మే వ్యక్తికి నగదు ఇవ్వొద్దు, యూపీఐ లేదా బ్యాంకు ద్వారా పంపండి. మొదటి కొనుగోలు బిల్లు, సీరియల్ నంబరు రాసిన సంతకం కాగితం తీసుకోండి. బిల్లు లేకుండా చవకగా అమ్మేవాటికి దూరంగా ఉండండి. దొంగ సరుకని తేలితే లెన్సూ పోతుంది, డబ్బూ పోతుంది.

ఫొటోల ఆదాయం చూపించాలంటే ఐటీఆర్-1 (జీతగాళ్లు మామూలుగా వేసే రిటర్ను ఫారం) పనికిరాదు. వాస్తవ ఖర్చుల లెక్కన చూపిస్తే లెన్స్ మీద ఏటా 15 శాతం తరుగుదల తీసుకోవచ్చు, కొన్న ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగమే. అంచనా ఆదాయ పద్ధతి (రాబడిలో నిర్ణీత శాతాన్ని లాభంగా చూపడం) ఎంచుకుంటే తరుగుదల విడిగా రాదు. రిటర్ను వేసేవారికి ఈ కాగితాలన్నీ అప్పుడే ఇవ్వాలి కాబట్టి లెన్స్ కొన్న రోజే అన్నిటినీ ఫొటో తీసి మెయిల్‌లో పెట్టుకోండి.